చివరి మడి దాక నీరు
(ఖానాపూర్‌లో ఉద్యోగస్థుల కూటమిలో చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవ కమిటీవారు మమ్ములను పిలిచి, "మీరు చాలా ఏండ్లు గుమాస్తాగా పనిచేసినారు. పనిచేసే చోట తోటివారితో వచ్చే చిక్కులను గురించి, అందులోని న్యాయాన్యాయములను గురించి నాలుగు మాటలు చెప్పండి" అని అడిగినారు. మేము పండితులము కాము. మాకు తెలిసినదల్లా రిజిస్టర్లు, హాజరు పట్టీలు, వాటి క్రింద పెట్టే సంతకములు. కాని మనుష్యుల మధ్య వచ్చే చిక్కులలో చాలా భాగము ఆ సంతకముల దగ్గరనే మొదలవుతుంది గనుక, ఆ కొద్దిపాటి అనుభవముతోనే మాట్లాడడానికి ఒప్పుకున్నాము.

ఈ కూటమిలో చూస్తే బడిపంతుళ్ళున్నారు, నర్సమ్మలున్నారు, అంగన్‌వాడీ టీచర్లున్నారు, బస్సు కండక్టర్లున్నారు, కరెంటు లైన్‌మెన్లున్నారు, అడవి శాఖవారున్నారు. మందమర్రి, శ్రీరాంపూర్ బొగ్గుబావుల నుండి సెలవు పెట్టుకొని వచ్చినవారు కూడా కనబడుతున్నారు. మన పనులు వేరు వేరు. కాని ప్రతి పనిలోను మన పక్క బల్ల మీద, పక్క మంచము దగ్గర, పక్క షిఫ్టులో మరొక మనిషి ఉంటాడు. పై అధికారితో వచ్చే తగవును గురించి మనము ఎంతైనా మాట్లాడుకుంటాము. లంచము తప్పని ప్రతి వేదిక మీద చెప్పుకుంటాము. పక్కనున్న మనిషి, మనము ప్రేమించే మనిషి, మనతో ఒక్క టిఫిను డబ్బాలో అన్నము తిన్న మనిషి తప్పు చేస్తుంటే ఏమి చేయాలన్నది మాత్రము ఎవరూ మాట్లాడరు. ఈ దినము మేము దానిని గురించే మాట్లాడదలచినాము.

మన ఊరి దగ్గరి సంగతితోనే మొదలు పెడతాము. సదర్‌మాట్ ఆనకట్ట మన అందరికీ తెలిసినదే. 1891-92లో గోదావరి మీద కట్టినారు. 2018లో నీటిపారుదల, డ్రైనేజీల అంతర్జాతీయ కమిషనువారు దానిని వారసత్వ కట్టడముగా గుర్తించినారు. అంత పేరు వచ్చిన కట్టడమైనా, రైతుకు దాని విలువ తెలిసేది కాలువ చివర ఉన్న మడిలోనే. ఏ కాలువ క్రిందనైనా మొదటి మడికి నీరు ఎట్లాగూ వస్తుంది. చివరి మడికి రావాలంటే మాత్రము నడుమ ఉన్న ప్రతి తూము దగ్గర వంతు తప్పకుండా ఉండాలి. నీరటి మంచివాడే. తూము దగ్గరి రైతు కూడా మంచివాడే. ఇద్దరూ దోస్తులే. "ఇయ్యాల ఒక్క రాత్రి ఎక్కువ ఇడువరాదూ, నాట్లున్నయి" అని దోస్తు అడుగుతాడు, నీరటి కాదనలేడు. అక్కడ ఆ ఇద్దరి మధ్య తగవు లేదు, కోపము లేదు, ఒకరి మీద ఒకరికి ప్రేమ కూడా ఉన్నది. కాని మూడు మైళ్ళ అవతల చివరి మడి ఎండుతుంది. ఆ మడి రైతు ఆ రాత్రి తూము దగ్గర లేడు.

మేము చెప్పదలచిన మాటలో సగము ఇదే. ఇద్దరు తోటి పనివారి మధ్య చిక్కు వచ్చినప్పుడు, "మా ఇద్దరిలో ఎవరికి నష్టము?" అని అడగడము చాలదు. "ఇక్కడ లేని మూడవ మనిషి ఎవరు? అతని మడికి నీరు పోతున్నదా?" అని అడగవలెను. మిగిలిన సగము ఒక కథ. అది మా కథయే గనుక చెప్పడానికి సిగ్గుగా ఉన్నది. అయినా చెప్పుతాము.

ముప్పయి ఏండ్లకు పైమాట. మేము ఒక బాలుర హాస్టలులో గుమాస్తాగా ఉన్నాము. ఆ ఊరి పేరు, హాస్టలు పేరు ఇక్కడ అవసరము లేదు. మాతోపాటు స్టోరు చూచే తమ్ముడొకడు ఉండెను. మాకన్న ఏడెనిమిది ఏండ్లు చిన్న. మమ్ములను "అన్నా" అని నోరారా పిలిచేవాడు. ఒక వానాకాలము అర్ధరాత్రి మా ఇంటామెకు నొప్పులు మొదలైతే, ఎవరి జీపునో బతిమాలి తెచ్చి, వాగు దాటించి, ఆసుపత్రిలో చేర్చినవాడు అతడే. మా పెద్దబిడ్డ ఆ రాత్రి పుట్టినది. అటువంటి రుణమును మనిషి ఎన్నటికీ తీర్చుకోలేడు.

ఆ హాస్టలులో బియ్యము ఖర్చు వ్రాసేది అతడు. దాని క్రింద "సరిచూచితిని" అని సంతకము పెట్టేది మేము. ఒక నెల ఆఖరున పట్టీ చూస్తే అరువది నలుగురు పిల్లలు తిన్నట్లు ఉన్నది. ఆ దినమే భోజనమువేళ మేము పోయి పళ్ళెములు లెక్కబెట్టినాము. ఏబది రెండు ఉన్నవి. మళ్ళీ లెక్కబెట్టినాము. ఏబది రెండే. పట్టీ చేతిలో పట్టుకొని చాలాసేపు కూర్చున్నాము. ఆ జీపు, ఆ వాగు, ఆ రాత్రి కండ్ల ముందు తిరిగినవి. "పిల్లలు కొందరు ఊరికి పోయి ఉంటారు, లెక్క రాయడములో పొరపాటు పడి ఉంటాడు" అని మాకు మేమే చెప్పుకొని సంతకము పెట్టినాము. పొరపాటు కాదని మా చేతికి తెలుసు. ఎందుకనగా ఆ సంతకము పెట్టేటప్పుడు అది వణికినది.

రెండవ నెల అంత వణకలేదు. మూడవ నెల అసలు వణకలేదు. నాలుగవ నెల ఆఖరున బియ్యము తక్కువపడినది. వంటామె నాలుగు దినములు రాత్రిపూట జావ కాచి పోసినది. మేము వరండాలో పోతుంటే ఒక చిన్న పిల్లగాడు పళ్ళెము పట్టుకొని, "సారూ, ఇయ్యాల గూడ జావేనా?" అని అడిగినాడు. కోపముగా అడగలేదు, ఊరికే తెలుసుకుందామని అడిగినాడు. మేము జవాబు చెప్పలేకపోయినాము.

ఆ రాత్రి ఆ తమ్ముని ఇంటికి పోయినాము. అతడు దాచలేదు. "చెల్లె పెండ్లి బాకీ అన్నా. వడ్డీ మీద వడ్డీ అయితున్నది. ఇంక రెండు నెల్లు ఆగు, ఆపేస్త" అని ఏడ్చినాడు. మేము కూడా ఏడ్చినాము. ఏడ్చి ఇంటికి వచ్చినాము. ఆ రెండు నెలలు కూడా సంతకము పెట్టినాము. ఏడవ నెల తనిఖీవారు వచ్చినారు. ఆరు నెలల లెక్క ఒక్క దినములో బయటపడినది. అతని ఉద్యోగము పోయినది, కేసు కూడా అయినది. మాకు ఇంక్రిమెంటు ఆపినారు. మాకు పడిన శిక్ష తక్కువేనని ఆనాడే మాకు తెలుసు.

చాలా ఏండ్ల తరువాత నిర్మల్ బస్‌స్టాండులో ఆ తమ్ముడు ఎదురైనాడు. తల నెరిసినది. చాయ తాగించినాడు, డబ్బులు మమ్ములను ఇయ్యనియ్యలేదు. మా పెద్దబిడ్డ ఎట్లున్నదని అడిగినాడు. మేము బస్సెక్కబోతుంటే చెయ్యి పట్టుకొని మెల్లగా అన్నాడు: "ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు. మొదటి నెలనే నీకు తెలుసు గదా అన్నా. ఆ పట్టీ నా మొఖం మీద కొట్టి, 'నేను పెట్టర పో' అంటే ఏమయ్యేది? గన్ని బియ్యం ఎట్లనన్న తెచ్చి పోద్దును. సిగ్గువడి ఆపుదును. నా కొలువు ఉండు. ఎందుకు చెప్పకపోతివే?"

సహోదరులారా, సహోదరీలారా, మేము అతనిని ప్రేమించి ఊరుకున్నాము అనుకొంటిమి. అతనికి మాత్రము అది ప్రేమగా చేరలేదు. మొదటి నెలలో అది ఇద్దరి మధ్య మాట. ఆరవ నెలలో అది నేరము. నడుమ ఉన్న అయిదు నెలలు మా మౌనము ఇచ్చినవే. ఇదే మేము చెప్పదలచిన మిగిలిన సగము: తోటివాని తప్పును మొదటి దినమే, అతని మొగము మీదనే చెప్పడము దయ. దయ అనుకొని ఊరుకోవడము అతని గోతిని మనము కూడా లోతు చేయడమే.

ఇది చిన్న హాస్టలు సంగతి గదా అంటారేమో. పెద్దచోట్ల కూడా ఇదే దారి. మన రాష్ట్ర రాజధానిలో 1987లో ప్రారంభమైన సత్యం కంప్యూటర్స్ సంగతి మీరు వినియే ఉంటారు. యాభై వేలమందికి పైగా పనిచేసిన సంస్థ. మన జిల్లాల నుండి పోయిన చదువుకున్న పిల్లలు కూడా ఎందరో అందులో పనిచేసినారు. 2009 జనవరి 7వ తేదీన దాని అధ్యక్షుడు బి. రామలింగరాజు స్వయముగా బోర్డుకు లేఖ వ్రాసి, పుస్తకములలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని ఒప్పుకున్నారు. మొదట అసలు లెక్కకు, చూపిన లెక్కకు నడుమ తేడా కొద్దిగానే ఉండినదనీ, ఏండ్లు గడిచిన కొలది అది పెరిగి పెరిగి చేయి దాటినదనీ ఆ లేఖ సారాంశము. మా పన్నెండు పళ్ళెముల తేడా వంటిదే అదియును. మొదటి సంవత్సరము సరిదిద్దగలిగినది కొన్ని సంవత్సరములకు కొండ అయినది.

ఆ కేసులో 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానము పదిమందిని దోషులుగా నిర్ణయించి 7 ఏండ్ల శిక్ష విధించినది. వారు అప్పీలు చేసికొనగా మే నెలలో ఆ శిక్షను నిలిపి బెయిలు ఇచ్చినారు. మనము గమనించవలసినది ఆ పదిమంది ఎవరన్నది. అధ్యక్షుడు, అతని తమ్ములు మాత్రమే కాదు. ఆర్థిక వ్యవహారముల అధికారి ఉన్నాడు. లోపలి లెక్కలు తనిఖీ చేయవలసిన అధికారి ఉన్నాడు. బయటినుండి సరిచూడవలసిన ఆడిటర్లు ఇద్దరున్నారు. వారి క్రింద పనిచేసిన ఉద్యోగులు ముగ్గురున్నారు. పెద్ద అబద్ధమును ఒక్కడు మోయలేడు. దానికి బల్లబల్లకు ఒక చేయి కావలెను. "నేను చిన్నవాడిని, చెప్పినది చేసినాను" అన్న మాట న్యాయస్థానము ముందర నిలువదని ఆ తీర్పు చెప్పుచున్నది. ఇక లోపలి సంగతి చెప్పుటకు ఎవరూ లేరా అంటే, 2008 డిసెంబరులో బోర్డు సభ్యుడొకనికి మారుపేరుతో ఒక ఉత్తరము పోయినది. కాని అప్పటికి ఆలస్యమైనది. కొద్ది వారములలోనే అంతా కూలినది. అక్కడ లేని మూడవ మనిషి ఎవరు? తన కూడబెట్టినదంతా ఆ షేర్లలో పెట్టుకున్న విశ్రాంత ఉద్యోగి, అప్పు చేసి చదివి అప్పుడే కొలువులో చేరిన పిల్లవాడు.

డబ్బు పోతే మళ్ళీ సంపాదించుకోవచ్చు. ప్రాణము సంగతి అట్లా కాదు. బొగ్గుబావిలో పనిచేసే తమ్ముళ్ళకు ఇది మేము చెప్పనక్కరలేదు. ముందు షిఫ్టు వ్రాసి పెట్టిన రిపోర్టును నమ్మి తరువాతి షిఫ్టు లోపలికి దిగుతుంది. పైకప్పును తట్టి చూడకుండానే "బాగున్నది" అని ఒకరు వ్రాస్తే, అది చూచి కూడా "మనోడే గదా" అని మరొకరు ఊరుకుంటే, దాని ధర చెల్లించేది అప్పుడే క్యాపులాంపు పెట్టుకొని వస్తున్న మూడవవాడు. అందుకే 1955 నాటి గనుల నియమములలో, 500 మందికి తక్కువ కాకుండా పనిచేసే గనిలో కార్మికుల తరఫున కూడా తనిఖీదారు ఉండవలెనని పెట్టినారు. అధికారి కన్ను ఒక్కటే చాలదని, తోటివాని కన్ను కూడా కావలెనని దాని భావము. ఆసుపత్రిలో తేదీ దాటిన మందు, డ్రైవరు నోట్లో వాసన, స్తంభము మీద మనిషి ఉండగా కరెంటు ఆపినామని చెప్పే మాట, ఇవన్నీ ఆ జాతివే.

మరి మనము ఎందుకు ఊరుకుంటాము? మంచిచెడ్డలు తెలియక కాదు. కారణములు మేము మా గుండెలోనే వెదికి చూచినాము. ఒకటి, రుణము: "అతడు నాకు ఆపదలో ఆదుకున్నాడు." రెండు, భయము: "నా చిన్న తప్పులు కూడా అతనికి తెలుసు." మూడు, సోమరితనము: "అది నా పని కాదు, చూచుకునేవారు పైన ఉన్నారు." నాలుగు, నిరాశ: "చెప్పినా ఏమి జరుగుతుంది? అందరూ అంతే."

మొదటిదానికి మా జవాబు: రుణము మనది, తీర్చవలసినదీ మన సొమ్ముతోనే. పిల్లల బియ్యముతో మన రుణము తీర్చే హక్కు మనకు లేదు. మేము ఆనాడు ఆ తమ్మునికి ఒక నెల జీతము చేబదులు ఇచ్చి ఉండవలసినది. అది మాకు తోచలేదు. సంతకము ఇచ్చినాము, ఎందుకంటే సంతకానికి జేబులోనుండి ఏమీ పోదు. రెండవదానికి: మన చిన్న తప్పు ఏదైనా ఉంటే దానిని ముందు మనమే ఒప్పుకోవడము మంచిది. తన తప్పు ఒప్పుకున్నవాని నోటినుండి వచ్చిన మాటను ఎదుటివాడు వింటాడు. మూడవదానికి: మన సంతకము ఉన్నంత మేర అది మన పనే. నాలుగవదానికి జవాబు కొంచెము పొడుగు. చెప్పే తీరును బట్టి ఫలితము ఉంటుంది. కాబట్టి ఆ తీరు చూతము.

మత్తయి సువార్త పదునెనిమిదవ అధ్యాయములో మనమందరము చదివిన క్రమము ఒకటి ఉన్నది. తప్పు చేసిన సహోదరునితో ముందు ఒంటరిగా మాట్లాడుమనీ, వినకుంటే ఒకరిద్దరిని వెంటబెట్టుకొని పొమ్మనీ, అప్పటికీ వినకుంటే సంఘమునకు తెలుపుమనీ అక్కడ ఉన్నది. దీనిని గుడి తగవులకే పెట్టుకున్నాము గాని, ఆఫీసు బల్లకు కూడా ఇది చక్కగా పనికివచ్చే క్రమము. మనము దీనిని సాధారణముగా తలక్రిందులు చేస్తాము. ముందు చాయ హోటల్లో నలుగురికి చెబుతాము. తరువాత పైవారి చెవిలో వేస్తాము. చిట్టచివరికి అతనికి తెలుస్తుంది, అదియును మరొకరి నోట.

మొదటి మెట్టు, ఒంటరిగా చెప్పడము. కోపముగా కాదు, నీతిబోధగా కాదు. "తమ్మీ, పట్టీలో అరువది నాలుగున్నది, పళ్ళెములు ఏబది రెండే ఉన్నవి. ఇది ఎట్లా?" అని అడగవలెను. చూచినది చెప్పవలెను, ఊహించినది చెప్పగూడదు. ఒక్కొక్కసారి మనకు తెలియని కారణము ఉండవచ్చు, మనమే సిగ్గుపడవలసి రావచ్చు. ఒంటరిగా అడిగినందున ఆ సిగ్గు కూడా మన ఇద్దరి మధ్యనే ఉంటుంది.

రెండవ మెట్టు, మన సంతకము. అతడు మారినా మారకున్నా, మనకు తెలిసిన అబద్ధము క్రింద మన పేరు ఉండగూడదు. ఇది పితూరీ కాదు. అతని మీద ఒక్క మాట పైకి చెప్పకుండానే చేయగలిగిన పని ఇది. "ఇది సరిచేసి తే, అప్పుడు పెడతాను." ఈ ఒక్క వాక్యము మేము ఆనాడు అనగలిగి ఉంటే ఈ ప్రసంగము వేరుగా ఉండేది.

మూడవ మెట్టు, ఇద్దరికీ కావలసిన పెద్దమనిషి ఒకరిని కూర్చోబెట్టుకొని మాట్లాడడము. దీనికి గడువు పెట్టుకోవలెను. "రెండు నెల్లు ఆగు" అనే గడువు కాదు, దినములలో లెక్కించే గడువు.

నాలుగవ మెట్టు, వ్రాతమూలకముగా పైవారికి తెలుపడము. తేదీ వేసి, చూచినది మాత్రమే వ్రాసి, నకలు మన దగ్గర పెట్టుకొని, మన పేరుతో. ఆకాశరామన్న ఉత్తరములు మన కచేరీలలో చాలా చూచినాము. వాటిలో నిజము ఒక పాలైతే పగ మూడు పాళ్ళు. కాని ఇక్కడ న్యాయముగా మరొక మాట కూడా చెప్పవలెను. పేరు పెట్టి వ్రాయడానికి జనము భయపడటానికి కారణము లేకపోలేదు. బీహారులో జాతీయ రహదారి పనులలో అక్రమములను గురించి ప్రధానమంత్రి కార్యాలయమునకు వ్రాసిన ఇంజనీరు సత్యేంద్ర దూబే, తన పేరు బయటపెట్టవద్దని కోరినా అది బయటపడినది. 2003 నవంబరు 27న గయలో అతనిని కాల్చి చంపినారు. ఆ తరువాత 2004లో, పేరు రహస్యముగా ఉంచి ఫిర్యాదులు తీసికొనే అధికారము కేంద్ర విజిలెన్సు కమిషనుకు ఇచ్చినారు. సత్యము చెప్పేవారిని కాపాడే చట్టమునకు 2014 మే నెలలో రాష్ట్రపతి ఆమోదము వచ్చినది గాని, దానిని అమలులోనికి తేలేదు. కాబట్టి ప్రమాదము ఉన్నచోట పేరు దాచుకున్నవానిని మేము పిరికివాడు అనము. రహస్యము కాపాడే తగిన చోటుకు వ్రాయుమని మాత్రమే అంటాము.

ఈ మెట్లకు రెండు మినహాయింపులు ఉన్నవి. అవి మరచిపోతే మేలు కన్న కీడు ఎక్కువ. మొదటిది, ప్రాణము ప్రమాదములో ఉన్నప్పుడు మెట్లెక్కుతూ కూర్చోగూడదు. తాగి ఉన్న డ్రైవరుతో ఒంటరిగా మాట్లాడి, పది దినముల గడువు ఇవ్వరు. ఆ నిమిషములోనే బండి ఆపవలెను. రెండవది, ఒక ఆడబిడ్డను తోటి ఉద్యోగి వేధించినప్పుడు, "అమ్మా, నీవు ముందు అతనితో ఒంటరిగా మాట్లాడు, క్షమించు, పరువు పోతుంది" అని చెప్పడము న్యాయము కాదు. మన పెద్దలు మంచి మనసుతోనే ఎన్నోమార్లు ఈ తప్పు చేసినారు. దీనికి 1997లోనే సుప్రీంకోర్టు విశాఖ కేసులో మార్గము చూపినది. 2013లో చట్టము వచ్చినది. పదిమందికి తక్కువ కాకుండా పనిచేసే ప్రతి చోట లోపలి కమిటీ ఉండవలెను, దానికి ఒక స్త్రీ అధ్యక్షురాలుగా ఉండవలెను. అంతకు తక్కువ మంది ఉన్నచోటివారు జిల్లాలోని స్థానిక కమిటీకి చెప్పుకోవచ్చు. మూడు నెలల లోపల వ్రాసి ఇవ్వవలెను. మన సంఘపు బళ్ళకు, ఆసుపత్రులకు కూడా ఈ చట్టము వర్తిస్తుందని మనవి చేస్తున్నాము.

మన జిల్లాలలోనే మరొక మంచి పద్ధతిని చూచినాము. 2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ పథకము మొదలైనప్పుడు, మొదటి విడతలోనే ఆదిలాబాదు, కరీంనగరు జిల్లాలు ఉన్నవి. ఆ పనులకు సామాజిక తనిఖీ అని పెట్టినారు. మస్టరులో ఉన్న పేర్లు, దినములు, కూలి డబ్బులు ఊరి సభలో చదివి వినిపించేవారు. "ఫలాన అమ్మ, పన్నెండు దినములు" అని చదివితే, ఆ అమ్మ లేచి, "నేను ఎన్మిది దినాలే పోయిన" అనేది. అందులో లోపములు లేకపోలేదు, సభలో అరుపులు కూడా ఉండేవి. కాని దానిలోని మూలసూత్రము చూడండి. ఇద్దరు ఉద్యోగుల మధ్య కాగితము మీద ఉండిపోయే లెక్క దగ్గరికి, అక్కడ లేని మూడవ మనిషిని పిలిచి కూర్చోబెట్టినారు. కాలువ చివరి రైతును తూము దగ్గరికి పిలిచినట్లు. మా హాస్టలులో ఆ పట్టీని నెలకొకసారి పిల్లల ముందర చదివి ఉంటే, ఆ చిన్నవాడే లేచి లెక్క చెప్పేవాడు.

చివరగా, మనము చేయగలిగిన రెండు పనులు చెప్పి ముగిస్తాము. ఒకటి: తప్పు చేసిన మనిషి వెనుక తరచుగా ఒక అప్పు ఉంటుంది. పెండ్లి బాకీ, ఆసుపత్రి బాకీ, తాగుడు బాకీ. ప్రతి పనిచోట నలుగురు కూడి నెలకు కొంత జమ చేసుకొనే చిన్న నిధి ఉంటే, వడ్డీవాని గుమ్మము ఎక్కకముందే తోటివాడు మన గుమ్మము ఎక్కుతాడు. తప్పు చేసిన తరువాత బుద్ధి చెప్పడము కన్న, తప్పు అవసరము లేకుండా చేయడము గొప్ప. రెండు: నిజము చెప్పినవాడు ఆ మరునాటినుండి ఒంటరివాడు అవుతాడు. మధ్యాహ్నము డబ్బా విప్పితే పక్కన ఎవరూ కూర్చోరు. అతనికి బిరుదులు, శాలువాలు అక్కరలేదు. మీ డబ్బా తీసికొనిపోయి అతని పక్కన కూర్చుని అన్నము తినండి. అట్లే తప్పు చేసి శిక్ష పొందినవాని ఇంటికి కూడా పోయిరండి. మేము ఆ తమ్ముని ఇంటికి ఉద్యోగము పోయిన తరువాత ఒక్కసారి కూడా పోలేదు. సంతకము పెట్టినది ఒక తప్పు, పోకపోవడము రెండవ తప్పు. బస్‌స్టాండులో అతడు చాయ తాగించినప్పుడు మాకు తెలిసినది, మా ఇద్దరిలో పెద్ద మనసు ఎవరిదో.

ఈ కూటమి అయిన తరువాత మీరు ఇండ్లకు పోయేటప్పుడు కాలువ గట్టు మీదుగా పోతారు. నీరు ఎక్కడిదాక పోతున్నదో ఒకసారి చూడండి. రేపు మీ బల్ల దగ్గర కూర్చొని, కాగితము క్రింద సంతకము పెట్టేముందు, చివరి మడి ఎవరిదో ఒక నిమిషము తలచుకోండి. పక్క బల్లవాని లెక్కలో తేడా కనబడితే, రెండవ నెల దాక ఆగకండి. ఆ సాయంత్రమే లేచిపోయి అతని భుజము మీద చెయ్యి వేసి, "తమ్మీ, ఇది ఎట్లా?" అని అడగండి. మేము అడగలేదు. మీరైనా అడగండి.